షీటుకు మూడు కార్డులు: చేత్తో చిత్రించిన శుభలేఖల ఆర్డరు ఒకటి, కేస్ స్టడీ

నేపథ్యం

110 పెళ్లి శుభలేఖల ఆర్డరు. ప్రతి కార్డు మీదా బొమ్మ చేత్తో వేయాలి, మ్యాటర్ ప్రింటు చేయాలి. పని మొత్తం ఒక్క చిత్రకారిణిది. గ్రీటింగ్ కార్డులు, బొమ్మల లెటర్ ప్యాడ్లు చేయడంలో చెయ్యి తిరిగినావిడే. వంద దాటిన ఆర్డరు మాత్రం అదే మొదలు. పని సగంలో ఆగిపోయాక ఈ కేసు నా పరిశీలనకు వచ్చింది. ఎవరిదో తెలిసిపోయే వివరాలు తీసేసి, కొలతలూ లెక్కలూ ఉంచాను.

కార్డు 145 × 200 మి.మీ., మడత లేని ఒంటి పలక. కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) నూలు కాగితం, కోల్డ్ ప్రెస్ రకం, అంటే పైన సన్నటి గరుకు ఉండేది. పైభాగంలో లేత ఆకుపచ్చ వాష్ (నీళ్లు ఎక్కువ కలిపి పరిచిన పలచటి రంగు), ఎడమ అంచున కిందికి దిగే ఆకుల తీగ, గోవాష్‌తో (అడుగు కనబడనివ్వని చిక్కటి వాటర్ కలర్) చిన్న తెల్లపూలు, ఆకుల ఈనెలకు బంగారు రంగు. కుడివైపు ముదురు ఆకుపచ్చ అక్షరాల్లో మ్యాటర్.

కాగితం కోత ఇలా జరిగింది. షీటు 560 × 760 మి.మీ. కార్డు 145 కొలతను 760 వెంట పెడితే ఐదు పడతాయి, 200 కొలతను 560 వెంట పెడితే రెండు పడతాయి. అవి పది కార్డులు. ఇంకా 160 మి.మీ. వెడల్పు పట్టీ మిగులుతుంది. అందులో కార్డును అడ్డం తిప్పి పెడితే మరో మూడు వస్తాయి. షీటుకు 13 చొప్పున పది షీట్లకు 130 కార్డులు: ఆర్డరుకు 110, చేతిలో 20. పట్టీ వదిలేసి పదేసి కోస్తే ఇదే సంఖ్యకు 13 షీట్లు కావాలి. నూలు కాగితం ఖరీదైనది, మూడు షీట్లు కలిసొస్తుంటే ఎవరైనా అలాగే కోస్తారు.

వచ్చిన సమస్య

కార్డులు అందించాల్సిన రోజుకు మూడు వారాలు మిగిలి ఉన్నాయి. నాలుగు షీట్ల కార్డులకు, అంటే 52కి, వాష్, ఆకులు, పూలు అయ్యాయి. బంగారం వేయలేదు. వాటిని ఇంక్‌జెట్ ప్రింటర్‌లో పెడితే మొదటి ఏడింటికి ఏడూ పాడయ్యాయి. లేచి ఉన్న అంచుకు ప్రింట్ హెడ్ రాసుకుని, ఆకుపచ్చ చారలు మ్యాటర్ మీదుగా పాకాయి. చిత్రకారిణి అక్కడితో ఆపేశారు. ఆపడమే ఈ కేసులో మొదటి మంచి నిర్ణయం. ఎనిమిదో కార్డు బాగా వస్తుందేమోనన్న ఆశతో ఇరవై దాకా పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.

రెండో ఫిర్యాదు నమూనా కార్డు నుంచి వచ్చింది. ఆర్డరిచ్చినవాళ్లు దాన్ని కవర్లో పెట్టి రెండు వారాలు సంచిలో తిప్పారు. తీసి చూస్తే కవరు లోపలంతా బంగారు పొడి.

కాగితం నాసిరకం లాటు వచ్చిందని చిత్రకారిణి అనుమానం. అలా అనుకోవడానికి కారణం ఉంది. అదే బ్రాండు కాగితం మీద అంతకుముందు చేసిన నమూనాలు మూడూ చక్కగా చదునుగానే ఉన్నాయి.

అసలు ముందు బొమ్మ, తర్వాత ప్రింటు అనే వరస ఎందుకు పెట్టుకున్నారు? మామూలుగా ప్రింటు ముందు అవుతుంది. ఇక్కడ మొదట అలాగే చేసి చూశారు. వాష్ తగలగానే ఆకుపచ్చ అక్షరాలు చెదిరి, అంచుల్లో నీలం, పసుపు విడిపోయాయి. విచిత్రమేమిటంటే అదే ప్రింటర్‌లో నల్ల అక్షరాలు తీసి తడిపితే చెక్కు చెదరలేదు. ఇళ్లలో వాడే ప్రింటర్లలో చాలావాటికి నల్ల ఇంకు ఒక్కటే పిగ్మెంట్ రకం, అంటే నీళ్లలో కరగని రంగు పొడితో చేసింది. మిగతా రంగులు డై రకం, నీళ్లలో కరుగుతాయి. ముదురు ఆకుపచ్చ అక్షరం ఆ కరిగే రంగుల మిశ్రమంతోనే తయారవుతుంది. ఇది తెలియక, ఇంకు కాదు, వరసే తప్పని అనుకుని, బొమ్మ ముందుకు జరిపారు. తడిసి వంగిన కాగితం ప్రింటర్‌లోకి వెళ్లాల్సిన పరిస్థితి అలా వచ్చింది.

కొలిచి చూస్తే తేలినది

వంపును కళ్లతో అంచనా వేస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అందుకని 52 కార్డులనూ ఒక్కొక్కటిగా గాజు పలక మీద పెట్టి, ఎక్కువ లేచిన అంచు దగ్గర స్టీలు స్కేలు నిలబెట్టి కొలిచాం. కొలతలు రెండు గుంపులయ్యాయి. 40 కార్డుల్లో పక్క అంచులు 4 నుంచి 5 మి.మీ. లేచాయి. మిగతా 12 కార్డుల్లో పై, కింది అంచులు 9 మి.మీ. దగ్గర లేచాయి. మధ్యలో ఏదీ లేదు. కాగితం లాటు చెడ్డదైతే కొలతలు చెల్లాచెదురుగా ఉండాలి, ఇలా రెండుగా చీలవు. పైగా నాలుగు షీట్లకు పన్నెండు, అంటే షీటుకు మూడు.

అడ్డం తిప్పి కోసిన పట్టీ కార్డులు కూడా షీటుకు మూడే.

కాగితానికి గ్రెయిన్ ఉంటుంది. తయారీలో నారలు ఎక్కువగా ఏ దిశకు ఒరిగితే అది గ్రెయిన్. నార తడిస్తే పొడవులో పెద్దగా మారదు, లావులో ఉబ్బుతుంది. కాబట్టి కాగితం గ్రెయిన్‌కు అడ్డంగా పెరుగుతుంది. ఒకవైపే తడిపినప్పుడు ఆ వైపు నారలు పెరగబోతాయి, పొడిగా ఉన్న వెనకవైపు వాటిని పెరగనివ్వదు. అవి అక్కడే నొక్కుకుని ఉండిపోతాయి. ఆరాక మొదటి కొలత కన్నా చిన్నవవుతాయి. దానికి తోడు రంగును పట్టి ఉంచే బంక, గమ్ అరబిక్, కూడా ఎండుతూ బిగుస్తుంది. కార్డు రంగువైపుకు గొట్టంలా వంగుతుంది. ఆ గొట్టం పొడవు గ్రెయిన్ వెంటే ఉంటుంది.

ఈ షీటులో గ్రెయిన్ ఎటు ఉందో చూడటానికి మిగిలిన తుంపుల్లోంచి రెండు పట్టీలు, 15 × 100 మి.మీ., ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా కోశాం. రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒక చివర పట్టుకుంటే గ్రెయిన్‌కు అడ్డంగా కోసినది ఎక్కువ వాలుతుంది. అది కింద ఉంటే రెండూ విడిపోతాయి, పైన ఉంటే కింది పట్టీ మీద ఆనుకుని నిలుస్తుంది. నిమిషం పని. ఈ షీటులో గ్రెయిన్ 560 కొలత వెంట ఉంది. అన్ని షీట్లలోనూ అలాగే ఉంటుందని కాదు, తయారీదారును బట్టి మారుతుంది. అంటే షీటులో పది కార్డులకు గ్రెయిన్ పొడుగు వైపు వెంట పడింది, అడ్డం తిప్పిన మూడింటికి పొట్టి వైపు వెంట పడింది.

9 మి.మీ., 4–5 మి.మీ. తేడాకు కూడా లెక్క సరిపోయింది. వంపు ఒకటే అయినప్పుడు అంచు లేచే ఎత్తు పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 200 వర్గాన్ని 145 వర్గంతో భాగిస్తే 1.9. రెండు గుంపులూ ఒకే కాగితం, ఒకే నీరు, ఒకే వంపు. కార్డు ఏ దిశలో ఎంత పొడవుందన్నదే తేడా.

ప్రింటర్ పాడుచేసిన ఏడూ ఆ పన్నెండింటిలోవే ఎందుకయ్యాయో కూడా దీంతో తెలిసింది. కార్డు 145 వైపు ముందుగా లోపలికి వెళ్తుంది. రోలర్లు దాన్ని అడ్డంగా పట్టుకుంటాయి కనుక పక్క అంచుల వంపు కొంత అణగుతుంది. ముందు, వెనక అంచులు రోలర్ల పట్టు బయట ఉన్న క్షణంలో లేస్తే అణచే ఆధారం లేదు, పైన హెడ్ వెళ్తూ ఉంటుంది. బాగా వంగినవి దొంతర కింద ఇమడక పైన పెట్టడంతో అవే ముందు ప్రింటర్‌లోకి వెళ్లాయి.

నమూనాలు మూడూ అంతకుముందు ఒక షీటు నుంచి ఒకే వరసలో కోసినవి. పట్టీ కార్డు ఒక్కటీ నమూనాల్లో లేదు.

ఏమేం ప్రయత్నించాం, ఏవి పనిచేయలేదు

చారలు పడిన ఏడు కార్డులు ఎలాగూ పనికిరావు. ప్రయోగాలన్నీ వాటి మీదే చేశాం: ఒక్కో పద్ధతికి రెండు, పోల్చడానికి ఏదీ చేయని కార్డు ఒకటి. బాగున్న కార్డు మీద ప్రయోగం చేయాల్సిన అగత్యం లేకపోవడం ఇలాంటప్పుడు పెద్ద వెసులుబాటు.

మొదటిది బరువు పెట్టడం. ఆరిన కార్డులను రెండు చెక్కల మధ్య పెట్టి 48 గంటలు పుస్తకాల బరువు ఉంచాం. తీసినప్పుడు బల్లపరుపుగా ఉన్నాయి, ఆరు గంటల్లో 5 మి.మీ. మళ్లీ లేచాయి. పొడి కాగితంలో నారలు కదలవు. బరువు వంపును దాచింది, లోపలి బిగువు అలాగే ఉంది.

రెండోది ఇస్త్రీ. వెనకవైపు నుంచి, నూలు గుడ్డ పైన వేసి, తక్కువ వేడిలో, ఆవిరి లేకుండా. కార్డు చదునైంది. కానీ కోల్డ్ ప్రెస్ గరుకు నలిగిపోయి, ఆకుల మీద అక్కడక్కడా నిగనిగలాడే మచ్చలు తేలాయి. వేడికి బొత్తిగా ఎండిన కాగితం మర్నాటికి గాలిలోని తేమ తాగి, ఈసారి మూలలు మెలిపడి లేచింది. దీన్ని ఎవరికీ సిఫారసు చేయను.

నిజానికి వేడి వల్ల జరిగిన నష్టం అంతకుముందే ఉంది. 52 కార్డులనూ హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టారు. ముందువైపు గబగబా ఎండి, వెనకవైపు ఇంకా చల్లగా ఉండగానే వంపు బిగిసిపోయింది.

మూడోది వెనకనుంచి తడి ఇవ్వడం. ముందువైపు ఏ కారణంతో వంగిందో ఆ కారణాన్నే వెనకవైపు కొద్దిగా కల్పించడం దీని వెనక ఆలోచన. మొదటి కార్డుకు కుంచెతో నీళ్లు పూస్తే ఎక్కువైపోయింది. తడి ముందుకు దిగి, వాటర్ కలర్ కరిగి, ఆకుపచ్చంతా బ్లాటింగ్ పేపర్‌కు అంటింది. గమ్ అరబిక్ ఎన్నాళ్లయినా నీళ్లకు కరిగేదే. రెండో కార్డుకు కుంచె మానేసి, సన్నటి పొగమంచులా పడే స్ప్రేతో అడుగున్నర దూరం నుంచి రెండు సార్లు కొట్టాం. అది నిలబడింది. వారం తర్వాత కూడా అంచు ఒక మిల్లీమీటరు లోపే ఉంది.

640 జీఎస్ఎం కాగితానికి మారే ఆలోచన కూడా వచ్చింది. అంత దళసరి కాగితం ఈ మాత్రం తడికి వంగదు. కానీ కార్డు బరువు 8.7 గ్రాముల నుంచి 18.6 గ్రాములకు పెరుగుతుంది, చేతిలో ఉన్న ప్రింటర్‌లోకి దూరదు, సిద్ధంగా ఉన్న కవర్లు ఉబ్బుతాయి. ఒక సమస్య పోయి మూడు వస్తాయి. వదిలేశాం.

పనిచేసింది

ముందు కార్డులన్నిటినీ గ్రెయిన్ ప్రకారం విడదీశాం. రంగు వేసిన 40 మంచివి, 12 పట్టీవి. ఇంకా ఖాళీగా ఉన్న ఆరు షీట్లలో 60 మంచివి, 18 పట్టీవి. పట్టీవన్నిటినీ పక్కన పెట్టేయాలన్న నిర్ణయం దగ్గర చర్చ చాలా సేపు నడిచింది. స్ప్రే పద్ధతి తెలిసింది కదా, వాటినీ చదును చేయవచ్చు కదా అని చిత్రకారిణి అడిగారు. చేయవచ్చు, మా దగ్గర నిలబడుతుంది కూడా. అయితే కార్డు చేరే చోట గాలిలో తేమ ఎంతుంటుందో మన చేతిలో లేదు. తేమ మారిన ప్రతిసారీ ఈ పట్టీ కార్డులు పొడవునా వంగుతాయి, కవరు తెరిచేసరికి చుట్ట కనిపిస్తుంది. అదే వంపు మంచి కార్డుల్లో సగం ఎత్తే లేస్తుంది, కవరు బిగువులో అది తెలియదు. అందుకే వదులుకున్నాం. రెండు కొత్త షీట్లు తెచ్చి, పట్టీ వదిలేసి, పదేసి చొప్పున 20 కోశాం.

రంగు వేసిన 40 కార్డులకు: బొమ్మవైపు కిందికి, నున్నటి సిలికాన్ కాగితం మీద. వెనక స్ప్రే రెండు సార్లు. తేమ సమంగా పాకడానికి మూడు నిమిషాలు. పైన బ్లాటింగ్ పేపర్, చెక్క, బరువు. గంటకు బ్లాటింగ్ మార్చాలి. ఇది మానేస్తే తడి అక్కడే నిలిచి మళ్లీ కాగితంలోకి దిగుతుంది. తర్వాత 48 గంటలు కదపకుండా. తీశాక గాజు పలక పరీక్ష, ఒక మిల్లీమీటరు దాటితే ప్రింటర్‌కు పంపడం లేదు. 40లో మూడు తడి మచ్చలతో పోయాయి, 37 దక్కాయి. వాటి మీద మ్యాటర్‌ను అన్ని రంగులూ పిగ్మెంట్ ఇంకులే ఉన్న ప్రింటర్ మీద, దళసరి కాగితం సెట్టింగ్‌లో తీశాం. ఆ సెట్టింగ్ హెడ్‌ను కాస్త పైకి ఎత్తుతుంది, అక్షరం పదును పిసరంత తగ్గుతుంది. గరుకు కాగితం మీద ఆ తేడా ఎలాగూ కనబడదు. వత్తుల అక్షరాలు పూడకుండా అక్షరం సైజు మాత్రం ఒక పాయింటు పెంచాం.

ఖాళీ కార్డులు 80కి వరస తిరగేశాం. చదునుగా ఉండగానే ప్రింటు. 24 గంటలు ఆరనివ్వడం. తర్వాత ఒక కార్డు మీద పరీక్ష: తడి కుంచెతో అక్షరం మీద మూడుసార్లు దిద్ది, తెల్ల టిష్యూ అద్దాలి. టిష్యూకు రంగు రాకపోతేనే ముందుకు. అయినా వాష్ అంచు మ్యాటర్‌కు 8 మి.మీ. దూరంలో ఆగేలా పెన్సిల్ గుర్తు పెట్టాం. ఆ గీతను రబ్బరుతో గట్టిగా రుద్దకూడదు. కాగితం పైపొరలోని సైజింగ్, అంటే రంగును వెంటనే పీల్చుకోకుండా ఆపే జెలటిన్ లాంటి పూత, రబ్బరు రాపిడికి లేచిపోతుంది. అక్కడ వాష్ అద్దుడు కాగితం మీద సిరాలా ఇంకిపోయి మచ్చవుతుంది.

వాష్ కూడా మార్చాం. ఇదివరకు కాగితాన్ని ముందే తడిపి, ఆ తడిలో రంగు వదిలేవారు. ఇప్పుడు పొడి కాగితం మీద నేరుగా రంగు వేసి, కింది అంచును మాత్రం శుభ్రమైన తడి కుంచెతో కరిగించారు. చూడటానికి దాదాపు అలాగే ఉంది, నీరు సగం కన్నా తక్కువ. డ్రయ్యర్ లేదు. తడి మెరుపు పోయి, చేతి వెనకతో తాకితే ఇంకా చల్లగా అనిపిస్తున్న దశలో కార్డును బ్లాటింగ్ మధ్య పెట్టి బరువు వేయడం. అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. ఆరిపోయాక 48 గంటలు చేసే పని, ఆ కాస్త చెమ్మ ఉండగా రాత్రికి రాత్రి అయిపోతుంది. మరీ ముందు పెడితే బ్లాటింగ్‌కు రంగు అంటుతుంది, కనుక మొదటి రెండు కార్డులతో సమయం చూసుకోవాలి. గోవాష్ పూలు, ఈనెలు నొక్కిన తర్వాతే. వాటికి పట్టే నీరు వంపు తెచ్చేంత ఉండదు.

రంగులు మొత్తం లాటుకు ఒకేసారి కలిపి మూత డబ్బాల్లో ఉంచాం. వాటర్ కలర్ ఆరితే లేతబడుతుంది కాబట్టి తడి రంగును చూసి రెండోసారి అదే ఛాయ కలపడం కష్టం. పది కార్డులు వరసగా పెట్టి, పదింటికీ వాష్, పదింటికీ ఆకులు అన్నట్టు సాగడంతో కార్డుకు 18 నిమిషాలు పట్టేది 12కు దిగింది. 80 కార్డులకు 16 గంటలు. అలా వేస్తే బొమ్మలో జీవం పోతుందని చిత్రకారిణి భయపడ్డారు. ఆ భయం నిరాధారం కాదు, ఎనిమిదో కార్డుకు వచ్చేసరికి ఆకులన్నీ ఒకే వంకరతో పడ్డాయి. తీగ వంపును కార్డు కార్డుకూ కొద్దిగా మార్చి పెన్సిల్‌తో ముందే గుర్తు పెట్టడంతో అది తగ్గింది.

బంగారం విషయం. అది మైకా పొడితో చేసిన వాటర్ కలర్. మైకాను పట్టి ఉంచే బంక చాలకపోతే ఆరాక పొడిగా రాలుతుంది. మిగిలిన ఐదు పట్టీ కార్డుల మీద, 5 మి.లీ. కలిపిన బంగారానికి గమ్ అరబిక్ ద్రావణం చుక్కలు 0, 1, 2, 3, 5 చొప్పున కలిపి వేశాం. 24 గంటల తర్వాత తెల్ల టిష్యూతో పదిసార్లు రుద్దాం. సున్నా, ఒకటి రాలాయి. రెండు, మూడు నిలిచాయి. ఐదు చుక్కలది గట్టిగా మెరిసి, కార్డును వంచితే పగిలింది. రెండు చుక్కలతో వెళ్లాం. ఇది ఆ రంగుకే సరిపోయిన లెక్క, వేరే డబ్బాకు మళ్లీ పరీక్షించాలి. యాక్రిలిక్ బంగారు ఇంకు వద్దనుకోవడానికి కారణం, అది రాలకపోయినా దొంతరలో ఒత్తిడికి, వేడికి పక్క కార్డుకు అతుక్కుంటుంది. రంగు రాలకుండా పైన కొట్టే ఫిక్సేటివ్ స్ప్రే ప్రయత్నిస్తే బంగారం వెలిసినట్టయింది. రెండు చుక్కల గమ్‌కు తోడు, కవరులోకి వెళ్లే ప్రతి కార్డు మీదా ఒక గ్లాసైన్ కాగితం (నున్నటి పలచటి కాగితం) పరిచాం.

లెక్క తేలిన తీరు, నేర్చుకున్నది

రంగు వేసిన వాటిలో 37, కొత్త వరసలో 80కి 76 నిలిచాయి. మొత్తం 113. ఆర్డరు 110 గడువుకు రెండు రోజుల ముందే వెళ్లింది. మూడు స్పేర్ అంటే నిజం చెప్పాలంటే చాలా తక్కువ. చేత్తో వేసే పనికి పదో వంతైనా అదనం ఉండాలి. ఈసారి గట్టెక్కడానికి కారణం చివరి దశల్లో ఏ కార్డూ పాడవకపోవడమే.

చిత్రకారిణి ఇప్పుడు షీటు రాగానే, కోయకముందే, వెనకవైపు ప్రతి కార్డు జాగాలోనూ పెన్సిల్‌తో గ్రెయిన్ బాణం గుర్తు పెడుతున్నారు. కోసిన తర్వాత కార్డును చూసి గ్రెయిన్ చెప్పడం కష్టం, షీటు మీద తేలిక. నమూనాలు కూడా షీటులోని వేర్వేరు చోట్ల నుంచి, అసలు పనిలో వాడే ఇంకు రంగుతో, అదే రకంగా ఆరబెట్టి చేస్తున్నారు. నమూనా కార్డును కవరులో వారం ఉంచి తీసి చూశాకే ఒప్పందం. మడత కార్డులైతే గ్రెయిన్ మడత వెంట ఉండాలన్నది ఆవిడకు ముందే తెలుసు, అడ్డంగా ఉంటే మడత దగ్గర నారలు చిట్లుతాయి కాబట్టి. మడత లేని కార్డుకు కూడా గ్రెయిన్ లెక్క ఉంటుందన్నదే కొత్త.

మిగిలిన 18 ఖాళీ పట్టీ కార్డులు వృథా కాలేదు. వాటి గ్రెయిన్ 145 కొలత వెంట ఉంది. 200 కొలతను సగానికి కోస్తే ఒక్కోటి 100 × 145 మి.మీ. ముక్కలు రెండు వస్తాయి, గ్రెయిన్ ఇప్పుడు వాటి పొడుగు వైపు వెంటే ఉంటుంది. ఆ 36 ముక్కల మీద ఒక్కో ఆకు వేసి, అదే పెళ్లికి థాంక్యూ కార్డులుగా ఇచ్చారు.